మన గుళ్లో డప్పు ఎందుకు మోగకూడదు?

యూత్ చర్చికి రావడం లేదని బాధపడని సంఘ పెద్ద గుంటూరులో లేడు. కమిటీ మీటింగు దేనికోసం పెట్టుకున్నా చివరికి మాట అక్కడికే వస్తుంది. ఫోన్లు పాడుచేశాయంటారు, సినిమాలు పాడుచేశాయంటారు, ఇళ్లలో కుటుంబ ప్రార్థన మానేశారంటారు. మందు కూడా వాళ్లే చెప్తారు. మంచి సౌండ్ సిస్టమ్ కావాలి, కొత్త కీబోర్డు, ప్యాడ్స్, ఎల్ఈడీ స్క్రీన్ కావాలి, నెలకోసారి వర్షిప్ నైట్ పెట్టాలి. అవన్నీ పెట్టిన చర్చిలు గుంటూరులోనూ విజయవాడలోనూ చాలా ఉన్నాయి, వాటిలో కుర్రాళ్లు నిండుగానే కనిపిస్తారు. అక్కడ పాడేవాళ్ల భక్తి మీద నాకేమీ అనుమానం లేదు. ఆ ఆరాధనల్లో నేనూ కూర్చున్నాను, కళ్లు తడిసిన రోజులున్నాయి.

నా బాధ ఇంకొకటి. మా పిల్లల్లో పాట కట్టగలిగినవాళ్లు, దరువు తెలిసినవాళ్లు, గొంతు విప్పితే వీధి చివరిదాకా వినిపించేవాళ్లు ఏప్రిల్ 14న లాడ్జి సెంటర్లో అంబేడ్కర్ విగ్రహం దగ్గర పాడుతున్నారు. ఎక్కడైనా పారిశుద్ధ్య కార్మికుల ధర్నా ఉంటే అక్కడ పాడుతున్నారు. హాస్టల్ మేడ మీద రాత్రిపూట ఫోన్‌లో బీట్ పెట్టుకుని ర్యాప్ రాసుకుంటున్నారు. ఆదివారం మాత్రం మా గుళ్లో వెనక వరసలో చేతులు కట్టుకుని నిలబడతారు, లేదా అసలు రారు. వీళ్లు దేవుణ్ణి వదిలేశారని పెద్దలు అనుకుంటున్నారు. నాకు తెలిసినంతవరకు వాళ్లలో ఎక్కువమంది వదలలేదు. వాళ్ల పాటని మనమే గుమ్మం బయట ఆపేశాం. సంఘంలో కొత్త జీవం రావాలని ప్రతి ఆదివారం ప్రార్థన చేసే మనం, ఆ జీవం ఏ రూపంలో వచ్చి తలుపు కొడుతోందో చూడటం లేదన్నది నా వాదన.

ఒక సంగతి చెప్తాను. మా సంఘంలోనే సెమీ క్రిస్మస్ (పండక్కి ముందే చేసుకునే క్రిస్మస్) సాయంత్రం యూత్‌కి పది నిమిషాలు ఇచ్చారు. స్కిట్ వేస్తారనుకున్నారు అందరూ. వాళ్లు పాట రాసుకొచ్చారు. అది మిర్చి కూలికి వెళ్లే ఆడవాళ్ల పాట. గుంటూరువాళ్లకు ఆ పని గురించి చెప్పక్కర్లేదు గానీ బయటివాళ్ల కోసం చెప్తున్నాను. ఎర్రగా ఎండిన కాయల రాశి ముందు కూర్చుని తొడిమలు తీయాలి, తాలుకాయలు వేరు చెయ్యాలి. ముక్కుకి కొంగో చేతిరుమాలో కట్టుకుంటారు. అయినా ఘాటుకి దగ్గు ఆగదు. చేతుల మంట ఇంటికొచ్చాక మొదలవుతుంది. కొబ్బరినూనె రాసినా, మజ్జిగలో ముంచినా రాత్రంతా మండుతూనే ఉంటాయి. పాట రాసిన అబ్బాయి తల్లి ఆ పనికే వెళ్తుంది. ఆ రోజు ఆవిడ ఆడవాళ్ల వైపు చాప మీద రెండో వరసలో కూర్చుని ఉంది.

పాట మొదలుపెట్టే ముందు ఇద్దరు కుర్రాళ్లు ప్రహరీ వెనక పాత న్యూస్ పేపర్లు మంట వేసి డప్పు కాస్తున్నారు. డిసెంబరు చలికి తోలు మెత్తబడి ఉంటుంది, కాయకపోతే పలకదు. ఒకడు వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటాడు, మళ్లీ సెగ మీద తిప్పుతాడు. ఒక చేతిలో చిర్ర, ఇంకో చేతిలో సన్నటి చిటికెన పుల్ల పట్టుకుని లోపలికి వచ్చారు. మొదటి దెబ్బకే పిల్లలందరూ లేచి నిలబడ్డారు. పాటలో రెండు పంక్తులు నాకు అప్పుడే నోటికొచ్చేశాయి:

తొడిమ తీసిన చేతులయ్యా, తెల్లవార్లూ మండుతాయి
ఏడ్చే బిడ్డ కళ్లనీళ్లు ఏ చేత్తోటి తుడవనయ్యా?

రెండో చరణం సగంలో మైకు ఆగిపోయింది. కరెంటు పోలేదు, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఒక పెద్దాయన ముందుకొచ్చి "ఇది చర్చా, పార్టీ మీటింగా? ప్రభువు పుట్టినరోజున ఈ ఏడుపులేంటి? ఆ చావు మేళం బయట పెట్టి రండి" అన్నాడు. కుర్రాళ్లు ఎదురు మాట్లాడలేదు. డప్పు చంకకి తగిలించుకుని దిగిపోయారు. మైకు మళ్లీ వచ్చింది, ప్రోగ్రాం సాగింది, కేకు కోశారు. ఆ తల్లి మాత్రం కేకు తీసుకోకుండా లేచి వెళ్లిపోయింది. ఆ పాట రాసిన అబ్బాయి తర్వాత నాతో అన్న మాట ఇదీ: "ఆంటీ, నేను దేవుడితోనే కదా మాట్లాడాను. వాళ్లకెందుకు కోపం వచ్చింది?"

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూనే ఈ వ్యాసం రాస్తున్నాను.

"చావు మేళం" అన్న మాటనే ముందు తీసుకుందాం. డప్పు కొట్టిన చేతులు ఎవరివో, ఎవరి చావులకి ఎవరి పెళ్లిళ్లకి కొట్టాయో, కొట్టినందుకు ఊరు వాళ్లని ఎక్కడ నిలబెట్టిందో మనందరికీ తెలుసు. మన సంఘాల్లో ఎక్కువ మంది మాలపల్లెల నుంచి, మాదిగపల్లెల నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లమే. మన తాతలు బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఊరి చాకిరీ గుర్తుగా ఉన్న డప్పుని కింద పెట్టేశారు. వాళ్లకది విడుదల. నేను దాన్ని తప్పు పట్టను. అది మోగితే వెట్టి గుర్తొచ్చేది మరి. కానీ వాళ్ల మనవలు ఇప్పుడు ఎవరో పిలిస్తే వెళ్లి కొట్టడం లేదు. తమంతట తాము, తమ దేవుడి ముందు, తమ తల్లి గురించి కొడుతున్నారు. ఆ తేడా ఆ పెద్దాయనకి వినపడి ఉంటే బాగుండేది.

కొత్త సంగీతం గుడికి పనికిరాదంటారా, మన పాటల పుస్తకాన్నే ఒకసారి తెరిచి చూడండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో చాలా పాటల మీద రాగం, తాళం వేసి ఉంటాయి. మిషనరీలు తెచ్చిన ఇంగ్లిషు హిమ్‌ల తర్జుమాలతో మొదలైన ఆరాధనలోకి, 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి లాంటివాళ్లు ఇక్కడి రాగాల్లో కీర్తనలు కట్టి తీసుకొచ్చారు. అప్పటికి అదే కొత్త. ఇవాళ మనం పాతవి, పవిత్రమైనవి అని కాపాడుకుంటున్న పాటలు ఒకప్పుడు ఎవరో ధైర్యం చేసి లోపలికి రానిచ్చినవి. లూథరన్ మిషనరీ హేయర్ దొర 1842 జూలై 31న గుంటూరులో అడుగు పెట్టిన నాటికి ఇక్కడ లూథరన్ గుడి లేదు, గుడి సంప్రదాయమూ లేదు. మన సంప్రదాయం అంతా ఆ తర్వాత మనుషులు ఒక్కొక్కటిగా చేర్చిందే.

ఇంకా దగ్గరికి వస్తే, ముంగమూరి దేవదాసు అయ్యగారు లూథరన్ సంఘం నుంచి బయటికి వచ్చి 1938లో బైబిలు మిషను మొదలుపెట్టారు. ఇవాళ జనవరి నెలాఖరులో నాగార్జున యూనివర్సిటీ దగ్గర జరిగే ఆ సభలకి ఎంత జనం వస్తారో ఆ రోడ్డు మీద బస్సులో ఇరుక్కున్న ఎవర్నడిగినా చెప్తారు. ఆయన కీర్తనలు ఇప్పుడు లూథరన్ ఇళ్లలోనూ పాడుకుంటారు. సువార్తికుడు భక్తసింగ్ గారి సహవాసాలు డోలక్‌తో, తాళాలతో, నేల మీద కూర్చుని పాడే పాటలతో వ్యాపించాయి. ప్రతిసారీ ఇదే జరిగింది. లోపల చోటు దొరకని ఉత్సాహం బయటికి వెళ్లి ఇంకో ఇల్లు కట్టుకుంది, కొన్నేళ్లకి మనమే ఆ పాటలు తెచ్చుకుని పాడుకున్నాం. ఈసారైనా పిల్లలు బయటికి వెళ్లకముందే వినొచ్చు కదా?

పాటతో నిలదీయడం ఈ జిల్లాకి కొత్త కూడా కాదు. బుర్రకథకి కొత్త ప్రాణం పోసిన షేక్ నాజర్ ది గుంటూరు జిల్లా పొన్నెకల్లు. కమ్యూనిస్టుల కళాబృందం ప్రజానాట్యమండలితో కలిసి ఆ కళని ఊరూరా కష్టజీవుల గొంతుగా చేసిన మనిషి. తర్వాతి రోజుల్లో అదే బుర్రకథని మన సువార్తికులు తీసుకుని క్రీస్తు కథ చెప్పారు. నా చిన్నప్పుడు క్రిస్మస్‌కి పెద్ద ఆకర్షణ అదే. తంబురా ఎక్కడి నుంచి వచ్చిందని, గుమ్మెట ఎవరు కొట్టారని అప్పుడెవరూ అడగలేదు.

ఇక కవి గుర్రం జాషువా. వినుకొండలో 1895లో పుట్టారు, 1971లో గుంటూరులోనే కన్నుమూశారు. గుంటూరులో లూథరన్ల బడిలో పంతులుగా పనిచేశారు. పురాణ కథల మీద కావ్యాలు రాస్తున్నాడని క్రైస్తవులు ఆక్షేపించారు, అంటరానివాడని అగ్రవర్ణాల పండితులు పక్కన కూర్చోబెట్టుకోలేదు. ఇద్దరి మధ్య నిలబడి ఆ మనిషి 1941లో 'గబ్బిలం' రాశారు. గుడిలోకి అడుగు పెట్టనివ్వని ఒక పేదవాడు, ఏ అడ్డూ లేకుండా గుడి చూరుకి వేలాడగలిగిన గబ్బిలంతో తన గోడు దేవుడికి చెప్పి పంపుతాడు. అదే కవి 'క్రీస్తు చరిత్ర' కూడా రాశారు, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆక్రోశమూ భక్తీ ఒకే గుండెలో ఉన్నాయి ఆయనకి. మనం మాత్రం ఆయన్ని రెండు ముక్కలు చేశాం. విగ్రహానికి దండ వెయ్యడానికి గబ్బిలం జాషువా కావాలి, గుళ్లో అయితే ఆయన పేరే వినపడదు. ఇంతకీ ఆ పేదవాడు చేసిన పనే మిర్చి పాట రాసిన అబ్బాయీ చేశాడు. దేవుడికి కబురు పంపాడు. తేడా ఏమిటంటే, ఈసారి గుమ్మం దగ్గర అడ్డుపడింది మనవాళ్లే.

"ఏడుపులు గుళ్లో వద్దు" అనేవాళ్లు బైబిలు ఎలా చదువుతున్నారో నాకు అర్థం కాదు. కీర్తనల గ్రంథంలో మొర పెట్టుకునే పాటలు ఎన్నున్నాయో చూడండి. ఎంతకాలం యెహోవా అని అడిగే గొంతులు, నన్ను ఎందుకు విడిచావని నిలదీసే గొంతులు అందులో ఉన్నాయి. సిలువ మీద యేసు పలికింది వాటిలోని మాటే. విలాపవాక్యములు అని ఏకంగా ఒక పుస్తకమే ఉంది. ఆమోసు ప్రవక్త అయితే, న్యాయం జరగని చోట మీ పాటలు నాకు వినాలని లేదని దేవుడి తరఫున చెప్పేశాడు. ఇక మరియమ్మ పాట. ఏటా ఫిబ్రవరిలో విజయవాడ గుణదల కొండ మీది మరియమ్మ గుడికి లక్షల మంది నడిచి వెళ్తారు. 11వ తేదీ వచ్చేసరికి ఏలూరు రోడ్డు మనుషులతో నిండిపోతుంది. కొవ్వొత్తులు, కొబ్బరికాయలు, తలనీలాలు, మొక్కులు, అంతా కన్నీటితో నిండిన భక్తి. మతం, కులం చూడకుండా అందరూ వెళ్తారు, నేనూ లూథరన్‌ని అయ్యుండి వెళ్లాను. లూకా సువార్త మొదటి అధ్యాయంలో ఆ తల్లి పాడిన పాటలో ఏముంది? గద్దెల మీద ఉన్నవాళ్లని దేవుడు కిందికి లాగేశాడని ఉంది. దీనుల్ని పైకెత్తాడని, ఆకలిగొన్నవాళ్ల కడుపు నింపి కలిగినవాళ్లని వట్టి చేతులతో పంపేశాడని ఉంది. ఒక పల్లెటూరి పిల్ల, కడుపుతో ఉన్న పిల్ల, ఈ పాట పాడింది. సెమీ క్రిస్మస్‌లో అది పాడితే ఎవరైనా మైకు ఆపుతారా?

ఇప్పుడు ఎల్ఈడీ స్క్రీన్ల సంగతి. మన వర్షిప్ నైట్‌ల పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం వెనక్కి వెళ్లి చూస్తే నాకు చాలా విషయాలు తెలిశాయి. 1960ల చివర్లో కాలిఫోర్నియాలో హిప్పీలు ఉండేవాళ్లు. వియత్నాం యుద్ధం వద్దన్నవాళ్లు, ఇళ్లు వదిలేసినవాళ్లు, మత్తులో మునిగినవాళ్లు. వాళ్లలో వేలమంది యేసు వైపు తిరిగారు. చక్ స్మిత్ అనే పాస్టరు నడిపే చిన్న చర్చి, కోస్టా మెసాలోని కాల్వరీ చాపెల్, వాళ్లకి తలుపు తీసింది. కొత్త కార్పెట్ మాసిపోతుందని పెద్దలు చెప్పులు లేని కాళ్లతో రావద్దంటే, అయితే కార్పెట్టే పీకేద్దాం అని ఆయన అన్నాడని చెప్పుకుంటారు. (చెప్పులు బయట విడిచి చాప మీద కూర్చునే మనకి ఆ గొడవ వింతగానే ఉంటుంది.) ఆ హిప్పీలు గిటార్లు తెచ్చుకున్నారు, తమ రాక్ సంగీతంలోనే దేవుణ్ణి పాడారు. 1971 జూన్‌లో టైమ్ పత్రిక ముఖచిత్రం మీద దాన్ని యేసు విప్లవం అని వేసింది. 1972లో డల్లాస్‌లో జరిగిన ఎక్స్‌ప్లో సభకి వేలాదిగా యూత్ వచ్చారు.

కాల్వరీ చాపెల్ 1971లోనే మరనాథ మ్యూజిక్ అనే సంస్థ పెట్టింది. ఆ దారిలోనే తర్వాతి ఏళ్లలో ఆరాధన సంగీతం ఒక పెద్ద పరిశ్రమ అయింది. ఆ తరం గాయకుల్లో లారీ నార్మన్ ఉన్నాడు. జాతి వివక్ష గురించి, ఆకలితో మనుషులుంటే చంద్రుడి మీదికి డబ్బు పంపడం గురించి 1972లోనే పాడాడు. అలాంటి పాటలు మన దాకా రాలేదు. మన దాకా వచ్చింది పరిశ్రమ భాగమే. లైట్లు వచ్చాయి, పొగ వచ్చింది, నేనూ నా ప్రభువూ అనే ప్రేమపాట వచ్చింది. ఎవరు వచ్చినా, ఎలా వచ్చినా, వాళ్ల పాటతో సహా లోపలికి రండి అన్న ఆ మొదటి రోజు ధైర్యం మాత్రం రాలేదు. మన యూత్‌కి వర్షిప్ నైట్ పెట్టి, మిర్చి పాటకి మైకు ఆపడం అంటే ఆ ఉద్యమం చివర మిగిలినదాన్ని తెచ్చుకుని మొదలుని పారేయడమే.

అమెరికాలోనే ఇంకో ధార ఉంది, అది మనకి దగ్గరి చుట్టం. ఆగస్టు 15న బడిలో పిల్లలు పాడే 'హమ్ హోంగే కామ్యాబ్' మనందరికీ వచ్చు. దాని మాతృక 'వీ షల్ ఓవర్‌కమ్' నల్లవాళ్ల చర్చి పాటల్లోంచి పుట్టింది. 1945లో చార్లెస్టన్‌లో సమ్మె చేసిన పొగాకు కార్మికులు, వాళ్లలో నల్లజాతి ఆడవాళ్లు, పికెట్ లైన్ మీద దాన్ని పాడుకున్నారు. అక్కడి నుంచి పౌరహక్కుల ఉద్యమానికి పాట అయింది. పొగాకు కార్మికులు! గుంటూరు ఆడవాళ్లకి పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, గ్రేడింగ్ పని ఎంత తెలుసో చెప్పాలా? గుళ్లో పాట పికెట్ లైన్‌కి వెళ్లింది, పికెట్ లైన్ నుంచి మళ్లీ గుడికి వచ్చింది. రెంటి మధ్యా గోడ లేదు అక్కడ.

మన దగ్గర ఆ గోడ ఎప్పుడు లేచిందో నేను కచ్చితంగా చెప్పలేను గానీ, ఒక కాలం మాత్రం నా కళ్లకి కడుతుంది. కాలిఫోర్నియా హిప్పీలు రోడ్డెక్కిన రోజుల్లోనే తెలుగునాట దిగంబర కవులు వచ్చారు. 1966లో వాళ్ల రెండో సంపుటిని విజయవాడలో ఆవిష్కరించింది జంగాల చిట్టి అనే హోటల్ క్లీనర్. కుళ్లిన మర్యాదల మీద తిట్లతో, కోపంతో విరుచుకుపడిన కుర్రాళ్లు వాళ్లు. వాళ్ల భాష నాకు అన్నిచోట్లా నచ్చదు, కానీ పుస్తకం ఎవరి చేతిలో పెట్టాలో వాళ్లకి తెలుసు. తర్వాత 1970లో విరసం (విప్లవ రచయితల సంఘం), 1972లో విప్లవ పాటల బృందం జననాట్యమండలి వచ్చాయి. పల్లెల్లో గొంతున్న కుర్రాళ్లు అటు నడిచారు. మా పెదనాన్న వరసాయన ఒకాయన గుళ్లో కంజీర వాయించేవాడు. కూలి రేట్ల మీద పాట కడితే పాస్టరు అయ్యగారు కోప్పడ్డారని అలిగి నక్సలైట్ దళంతో తిరిగాడు. ముసలితనంలో మళ్లీ గుడికి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా స్తంభం పక్కన కూర్చునేవాడు. ఒక తరం గాయకుల్ని మనం అలా పోగొట్టుకున్నాం.

అయితే గోడ పడిపోయిన రోజు కూడా ఒకటుంది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. శిబిరం అక్కడే నడిచింది. బొజ్జా తారకం, కత్తి పద్మారావు లాంటివాళ్ల నాయకత్వంలో దళిత మహాసభ ఆ చీరాల నేల మీద నుంచే లేచింది. గద్దర్ కట్టిన దళిత పులుల పాట ఊరూరా మోగింది. ఆ రోజుల్లో చర్చి కాంపౌండులో డప్పు మోగకూడదని ఎవరైనా అన్నారా? గాయపడినవాళ్లు లోపల ఉంటే ఆ మాట నోటికెలా వస్తుంది? ఆ తర్వాత ఆరేళ్లకే, 1991 ఆగస్టు 6న, అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న చుండూరులో ఎనిమిది మందిని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఏటా ఆగస్టు మొదటి ఆదివారం మన గుళ్లలో చుండూరు కోసం ఒక్క ప్రార్థన వినపడుతుందేమోనని చూస్తాను. నేను కూర్చున్న చోట ఇంతవరకూ వినపడలేదు.

పెద్దలు పిరికివాళ్లు కాబట్టి ఇలా ఉన్నారని కొందరు కుర్రాళ్లు అంటారు. నేను ఒప్పుకోను. ఆ మౌనం వెనక ఒక చట్టం ఉంది. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులు కానివారు షెడ్యూల్డ్ కులాల్లోకి రారు. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి సడలించారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. క్రైస్తవుణ్ణని రాసుకున్న మాదిగ పిల్లవాడు మన రాష్ట్రంలో బీసీ-సీ అవుతాడు, రిజర్వేషన్ ఒక్క శాతం. గుడి మారినంత మాత్రాన ఊళ్లో టీ గ్లాసు మారలేదు, ఇల్లు అద్దెకిచ్చేవాడి ప్రశ్న మారలేదు, కాగితం మాత్రం మారిపోతుంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ షరతు తీసేయమంది. 2022లో కేంద్రం ఇంకో కమిషన్ వేసింది. 2023 మార్చిలో మన అసెంబ్లీ తీర్మానం చేసింది. 2025లో హైకోర్టు, క్రైస్తవంలోకి వెళ్లినవారికి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని తీర్పు చెప్పింది. ఆ కేసు పెట్టింది ఒక పాస్టరు.

దీని వల్ల ఇళ్లలో ఏం జరుగుతుందో తెలిసినవాళ్లకి తెలుసు. స్కూల్లో ఒక పేరు, గుళ్లో ఒక పేరు. బాప్తిస్మం రిజిస్టర్‌లో పేరు రాయొద్దని బతిమాలే తల్లులు ఉంటారు. ఉద్యోగం వచ్చాక ఫేస్‌బుక్‌లో క్రిస్మస్ ఫోటో పెట్టడానికి భయపడే అబ్బాయిలు ఉంటారు. ఇలాంటి చోట ఒక పిల్లవాడు మైకు పట్టుకుని "మా కులం, మా గాయం, మా ప్రభువు" అని ఒకే పాటలో పాడితే పెద్దల గుండె జారిపోతుంది. ఎవరో వీడియో తీస్తారు, ఎవరో కంప్లయింట్ పెడతారు, ఎవరి సర్టిఫికెట్టో పోతుంది. ఆ టెన్షన్ నిజమైనది. మైకు ఆపిన పెద్దాయనకి ఇంజనీరింగ్ చదివే మనవరాలు ఉంది. ఆయన కోపంలో ఎంత భయం ఉందో ఆలోచించగలను.

కానీ ఈ భయాన్ని ఎవరికి చెప్పుకోవాలి? గుళ్లో కూడా చెప్పుకోకపోతే ఇంకెక్కడ? వీడియో తీయవద్దని చెప్పొచ్చు, పేర్లు లేకుండా పాడొచ్చు, బాధితులకి హాని కలగకుండా ఎలా పాడాలో పెద్దలే పక్కన కూర్చుని నేర్పొచ్చు. వాళ్లకి అనుభవం ఉంది. అసలు పాట వద్దనడం వల్ల భయం తగ్గలేదు, పిల్లలు మాత్రం తగ్గారు.

ఇంకో అభ్యంతరం నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. మా అత్తయ్య అంటుంది: "ఆరు రోజులు ఆ కష్టమే పడి వస్తామే. ఏడో రోజు కూడా దాని గురించే పాడాలా? రెండు గంటలు మర్చిపోనివ్వండే." ఆవిడ ఇళ్లలో పని చేసి పిల్లల్ని చదివించింది. ఆవిడ మాటకి విలువ ఇవ్వకుండా నేను ముందుకి పోలేను. ఆరాధనంతా నిరసన పాటలే ఉండాలని నేను అనడం లేదు. ఓదార్పు పాట కావాలి, స్తుతి కావాలి, పాత కీర్తనలు ఉండి తీరాలి. కానీ మిర్చి పాట విని లేచి వెళ్లిపోయిన ఆ తల్లి విషయం అత్తయ్యకి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాట పూర్తిగా విననిచ్చి ఉంటే కూర్చునేదేమో" అంది. నా ఉద్దేశం కూడా అదే. ఆవిడ పాట విని నొచ్చుకోలేదు. తన చేతుల గురించి కొడుకు పాడుతుంటే మధ్యలో ఆపేశారని నొచ్చుకుంది.

కుర్రాళ్లకి కూడా నాకు చెప్పాల్సినవి ఉన్నాయి. పాత కీర్తనల్ని ముసలి పాటలని తీసిపారేయొద్దు. అందులో రాగం మీ ర్యాప్‌కి పనికొస్తుంది, నిజంగా చెప్తున్నాను. చెన్నైలో 2017లో మొదలైన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బ్యాండ్ వాళ్లు గానా అనే తమ పేట పాటని, ర్యాప్‌ని కలిపి ఎంత బలంగా పాడారో మీరే నాకు చూపించారు. వాళ్లు తమ పాటని వదలకుండా కొత్తది చేశారు, మీరు వాళ్ల తమిళ యాసని కాపీ కొట్టొద్దు. మీ బృందంలో అమ్మాయిలు ఎందుకు కోరస్‌లోనే ఉన్నారు? మిర్చి పని చేసేది ఆడవాళ్లైతే ఆ పాట ఎత్తుకోవాల్సింది ఎవరు? ఇంకోటి, మన సంఘాల్లో మాలా మాదిగా మధ్య ఉన్న దూరం, సమాధుల తోటలో కూడా కనిపించే దూరం, దాని మీద ఎవరూ పాట కట్టలేదు. ఊరి మీద కట్టడం సులువు. మనింటి మీద కూడా కట్టండి. కొన్ని సంఘాల్లో ఎన్నికల కోసం, ఆస్తుల కోసం ఏళ్ల తరబడి కోర్టుల్లో నడుస్తున్న కేసుల మీద కట్టండి. అప్పుడు పెద్దలకి ఇంకా కోపం వస్తుంది, తెలుసు. ప్రవక్తలకీ అదే అనుభవం.

మా సంఘ కమిటీకి మేం కొందరం కలిసి ఒక కాగితం ఇచ్చాం. అడిగినవి పెద్ద పెద్దవేమీ కావు. గుడ్ ఫ్రైడే నాడు ఏడు మాటల ధ్యానంలో ఒక్కో మాట తర్వాత ఒక్క పాట యూత్ రాసింది పాడనివ్వాలి. నా దేవా నన్నేల చెయ్యి విడిచితివి అన్న నాలుగో మాట దగ్గర మిర్చి పాట మొదటి నుంచి చివరిదాకా పాడాలి. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకి వెళ్లే ఊరేగింపులో డప్పు ముందు నడవాలి. చావు మేళమని అన్నారు కదా, చావు ఓడిపోయిన రోజున సమాధుల మధ్య మోగడానికి దానికంటే హక్కున్న వాయిద్యం నాకు కనపడలేదు. పాటలు ఎంచే కమిటీలో పాతికేళ్ల లోపు వాళ్లు ఇద్దరుండాలి, అందులో ఒకరు అమ్మాయి కావాలి. ఆగస్టు మొదటి ఆదివారం చుండూరు వాళ్ల పేర్లు చదివి ప్రార్థన చెయ్యాలి.

అయ్యగారు కాగితం తీసుకుని చదివారు, చర్చకి పెడతానన్నారు. మైకు ఆపిన పెద్దాయన కూడా ఆ కమిటీలో ఉన్నారు. ఆయన్ని ఇంటికి వెళ్లి కలిసి మాట్లాడమని కుర్రాళ్లకి చెప్పాను, డప్పు తీసుకునే వెళ్లమన్నాను. అత్తయ్య సంతకం చేసింది. మిర్చి పాటలో మూడో చరణం ఆ రోజు ఎవరూ వినలేదు కాబట్టి, కమిటీ వాళ్లు చదువుకోవడానికి దాన్ని కాగితం వెనక పూర్తిగా రాసి ఇచ్చాం.